గుడ్డ సంగతి ముందు చూడు

చిరంజీవి మాధవికి,

సంచులు, దిండు గలీబులు చేత్తో కుట్టి, చెట్టు రంగులతో అద్దకం వేసి అమ్ముదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! అచ్చులు ఎక్కడ దొరుకుతాయని అడిగావట. వాటికేం తొందర లేదు, ముందు గుడ్డ సంగతి చూడు.

పెడనలో అచ్చుల కలంకారీ వేసేచోట, గుడ్డ అద్దకం బల్ల దగ్గరికి రాకముందే సగం పని అయిపోతుంది. కోరా గుడ్డను గంజీ జిడ్డూ పోయేదాకా ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవాళ్లు అందులో గేదెపాలు కూడా పోస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు.

ఈ కరక్కాయ ఎందుకో నల్లరంగు చూస్తే తెలుస్తుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి మాగబెడితే కసిం తయారవుతుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయ వగరు లేని గుడ్డ మీదైతే ఉత్త తుప్పు మరకే. ఎరుపు ఇంకా చిత్రం. పటికతో అచ్చు వేస్తే అసలేమీ వేసినట్టే ఉండదు. ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ వేరు వేసిన కాగులో ఉడికిస్తే పటిక పడ్డచోటు ఎర్రగా తేలుతుంది. పారే నీళ్లే ఎందుకంటే, నిలవ నీళ్లలో ఊడిన పటిక మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది, తెల్లగా ఉండాల్సిన చోటల్లా మరకలు పడతాయి. నువ్వుండేది అపార్ట్‌మెంట్‌లో కాబట్టి నీళ్లు మార్చి మార్చి జాడించు, బద్ధకించకు.

చెట్టు రంగుల్లోనూ జాగ్రత్త కావాలి. కసిం ఘాటు ఎక్కువైతే నూలును తినేస్తుంది. పాత కలంకారీ బట్టల్లో నల్లరంగు ఉన్నచోటే ముందు చిరుగులు పడతాయి. రంగు పట్టించడానికని మైలుతుత్తం జోలికి పోవద్దు, ఆ నీళ్లు చెరువులో కలిస్తే చేపలు చస్తాయి. వంటింటి పసుపు, బీట్‌రూట్‌ ఎండకు నిలవవు. పసుపురంగు కావాలంటే దానిమ్మ తొక్క వాడు.

కుట్టుకు నూలు దారమే తీసుకో. పాలిస్టర్ దారం ఈ రంగుల్ని పట్టదు, కుట్టాక రంగులో ముంచితే కుట్టంతా తెల్లగా బయటపడుతుంది. కత్తిరించే ముందే గుడ్డను తడిపి ఆరెయ్యి. పీలికలు దాచు, బొంతకు పనికొస్తాయి.

ఇక అసలు మాట. 1950లలో శ్రీకాళహస్తిలో కలంకారీ విద్య అంతరించిపోయేలా ఉంటే, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో శిక్షణ కేంద్రం వచ్చి నిలబడింది. ఇప్పుడు కలంకారీ పేరు చెప్పి స్క్రీన్ ప్రింట్లు చవగ్గా అమ్ముతున్నారు. పెడన ఎరుపులో కూడా మంజిష్ఠ బదులు అలిజరిన్ చాలాచోట్ల వాడతారు. అది 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు కృత్రిమంగా తయారుచేసిన సరుకు. వాడినవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లకూ కడుపు నిండాలి. కానీ నువ్వు అద్దకం గుడ్డ కొనేటప్పుడు ఏ ఎరుపో అడిగి తెలుసుకో. ధర ఎక్కువని ఎవరైనా బేరమాడితే తగ్గించకు, ఆ గుడ్డ ఎన్ని నీళ్లలో మునిగి, ఎన్ని ఎండల్లో ఆరిందో వాళ్లకు చెప్పు. ఎప్పుడైనా బజారు గుడ్డతో కుట్టాల్సి వస్తే, ఆ సంగతి చీటీ మీద రాసే అమ్ము తల్లీ.

ఇట్లు,
నీ పెద్దమ్మ