రశీదు పుస్తకం బయటికి తీసేముందు

పోయినేటి లెక్కల కాగితం చేతిలో లేకుండా ఈ ఏడు వినాయక చవితి చందాకు బయల్దేరకండి. మండపం ఎక్కడ వేయాలి, విగ్రహం ఎన్నడుగులు అన్నవి తర్వాతి మాటలు. గేటు తీసిన పెద్దాయన మొదట అడిగేది "పోయినసారి ఎంత మిగిలింది బాబూ?" అనే. దానికి జవాబు జేబులోంచి కాగితంగా బయటికి రావాలి. తల గోక్కుంటే ఆ గేటు మూసుకున్నట్టే.

ఊళ్లో చందా సంగతి వేరు. అడిగేవాడు ఎవరి కొడుకో, ఎవరి అల్లుడో అందరికీ తెలుసు. లెక్కలో తేడా వస్తే వాళ్ల నాన్ననే రచ్చబండ దగ్గర నిలదీయొచ్చు. బోడుప్పల్, పీర్జాదిగూడ, నిజాంపేట, తుర్కయాంజాల్ లాంటి హైదరాబాదు శివారు కాలనీల్లో ఆ వెసులుబాటు లేదు. సూర్యాపేట టీచరు పక్కన కర్నూలు బ్యాంకు ఉద్యోగి, ఆయన పక్కన శ్రీకాకుళం మేస్త్రీ, పైఅంతస్తులో పోయిన నెలే అద్దెకు దిగిన సాఫ్ట్‌వేర్ జంట. ప్లాటు నంబరు తెలిసినంతగా ఇంటిపేరు తెలియని చోటు. ఆ పరిచయం లేని లోటును ప్రకటన, రశీదు, లెక్క ఈ మూడూ కలిసి పూడ్చాలి. కాబట్టి వీటిని పండగ పనిలో ఒక మూల పనిగా చూడకండి. నా లెక్కలో అసలు పని ఇదే.

పండగకు నెల ముందు ఒక ఆదివారం పొద్దున మీటింగు పెట్టండి. సాయంత్రం పెడితే వచ్చేది నలుగురే. ఆ మీటింగులో అధ్యక్షుడెవరన్న దానిమీద గంటసేపు గడిచిపోతుంది, గడవనివ్వండి. కోశాధికారి ఎవరన్నది మాత్రం గట్టిగా తేల్చుకోండి. రిటైరైన బ్యాంకు ఉద్యోగో, కిరాణా కొట్టాయనో దొరికితే అదృష్టం. సంఘానికి రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ ఏడే పెట్టించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. రిజిస్ట్రేషన్, పాన్ ఉంటే సంఘం పేరనే బ్యాంకు ఖాతా తెరవొచ్చు. ఒకరి సొంత ఖాతాలోకి చందాలు వెళ్లడం మొదలైందంటే, ఆయన ఎంత మంచివాడైనా మూడో ఏటికి గుసగుసలు మొదలవుతాయి.

తర్వాత ఖర్చుల పట్టీ. ధూల్‌పేటలో విగ్రహం ధర, టెంటు, మైకు సెట్టు, పంతులుగారి సంభావన, రోజువారీ ప్రసాదం, ఒకరోజు అన్నదానం, నిమజ్జనానికి బండి. ఒక్కొక్కదానికి ధర అడిగి రాసుకోండి. ఇక్కడే ఆవేశాన్ని అదుపులో పెట్టాలి. ఖైరతాబాదులో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టి ఏటా ఒక్కో అడుగు పెంచుకుంటూ 2014కి అరవై అడుగులకు చేరారు. ఆ పోటీ మన వీధికి వద్దు. వేలాడే కరెంటు తీగల కింద నుంచి స్వామిని చెరువు దాకా తీసుకెళ్లాల్సింది మనమే.

లెక్క కోసం ఖర్చు లక్షా ఎనభై వేలనుకుందాం. పోయినేటి మిగులు పద్నాలుగు వేలు. కాలనీలో రెండొందల ఇళ్లుంటే అన్నీ ఇవ్వవు. పండగ లేని మతస్తులుంటారు, ఇంట్లో మైల ఉన్నవాళ్లుంటారు, ఇష్టం లేనివాళ్లూ ఉంటారు. నూట ఇరవై ఇళ్లు ఇస్తాయనుకుంటే సగటున ఇంటికి పద్నాలుగు వందలు పడుతుంది. ఈ అంకె కమిటీకి తెలిసి ఉండాలి గానీ కరపత్రంలో "ఇంటికి ఇంత" అని వేయకూడదు. అలా వేసిన రోజు అది చందా కాదు, పన్ను అవుతుంది. బలవంతపు వసూళ్లు చేస్తే కేసులు పెడతామని పోలీసులు ఏటా హెచ్చరించేది ఊరికే కాదు.

ఇక కరపత్రం. ప్రెస్సువాళ్ల దగ్గర పాత నమూనా ఒకటుంటుంది. "భక్త మహాశయులారా" అని మొదలై, "ధన వస్తు రూపేణా తమ శక్తికొలది విరాళములొసగి స్వామివారి కృపకు పాత్రులు కాగలరని ప్రార్థన" అని ముగుస్తుంది. దాని కింద ముప్పై పేర్లు, అందులో సగం గౌరవ సలహాదారులు. ఆ పిలుపును తీసేయమనను. పెద్దవాళ్లకు అది ఇష్టం, చదువుతుంటే పండగ వాసన వస్తుంది. దాని కిందనే మామూలు తెలుగులో ఇలా రాయండి: "ఈ ఏడు అంచనా ఖర్చు రూ.1,80,000. పోయినేటి మిగులు రూ.14,000 సంఘం ఖాతాలో ఉంది. వచ్చే ఆదివారం ఉదయం 9 నుంచి కమిటీ సభ్యులు రశీదు పుస్తకంతో మీ ఇంటికి వస్తారు. రశీదు లేకుండా ఎవరికీ డబ్బు ఇవ్వకండి. లెక్కలు నిమజ్జనమైన వారంలోగా మండపం స్థలంలో అతికిస్తాం." ఈ ఐదు వాక్యాలు ముప్పై పేర్ల కన్నా ఎక్కువ పని చేస్తాయి. నాలుగో వాక్యం మరీ ముఖ్యం. పక్క కాలనీ కుర్రాళ్లు మన పేరు చెప్పి వసూలు చేసుకుపోయే వీలు దాంతో పోతుంది.

పేపరు వేసే కుర్రాడికిచ్చి పత్రిక మడతల్లో పెట్టించడం పాత పద్ధతి. పేపరు తెప్పించుకునే ఇళ్లు తగ్గాయి కాబట్టి గేటుకే గుచ్చడం మేలు. ఫ్లెక్సీ ఒక్కటి చాలు, అదీ సంఘం స్థలంలోనే. అనుమతి లేకుండా స్తంభాలకూ డివైడర్లకూ కడితే జీహెచ్‌ఎంసీ పరిధిలో జరిమానా పడుతుంది. దానిమీద ఎవరి ఫొటో పెద్దదన్న తగువుకు నా దగ్గర మందు లేదు. వినాయకుడి బొమ్మ ఒక్కటే వేయడం కొంత ఉపశమనం.

మైకు ప్రకటనకు ముందు పోలీసుల అనుమతి తీసుకోండి. మండపం వివరాలు కూడా పోలీసుల ఆన్‌లైన్ పోర్టల్‌లోనే నమోదు చేయాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్ మూగబోవాలి, పగలైనా నివాస ప్రాంతంలో 55 డెసిబెళ్లు దాటకూడదు. ఆటో మీద రెండు హారన్లు కట్టి తిప్పే మైకుకు ఆ అంకె ఎంత దూరమో అందరికీ తెలుసు. కనీసం బడి, ఆస్పత్రి దగ్గర ఆపేయమని డ్రైవరుకు చెప్పండి. మాట ముప్పై సెకన్లు దాటకూడదు. ఆటో ఒక ఇంటి ముందు నుంచి కదిలిపోయే సమయం అంతకన్నా ఉండదు, మిగతాది వెనకింటివాళ్లు మధ్యలోంచి వింటారు. అందుకే "ఏ రోజు, ఏ సమయం, ఎవరు వస్తారు" అన్న మూడు ముక్కలనే తిప్పి తిప్పి చెప్పించాలి. సినిమా డైలాగుల గొంతు వద్దు. బళ్లో ప్రార్థన చెప్పించిన టీచరమ్మ ఎవరైనా ఉంటే ఫోన్లో రికార్డు చేయించండి. ఆమె అక్షరం స్పష్టంగా పలుకుతుంది, వింటే వినాలనిపిస్తుంది.

గేటు దగ్గరి పని మొదలయ్యాక ముగ్గురికి మించి వెళ్లకండి. పదిమంది కుర్రాళ్లు వెనక నిలబడితే లోపలివాళ్లకు అది విజ్ఞప్తిలా అనిపించదు. ఒక పెద్దమనిషి, రశీదు రాసేవారు ఒకరు, ఆ వీధిలోనే ఉండే ఆమె ఒకరు. పగటిపూట తలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి "అక్కా, బాగున్నారా" అని ఆమె పలకరిస్తే సగం పనైనట్టు. మొదటి రశీదు కమిటీ సభ్యుడిదే అయి ఉండాలి. ఆ తర్వాత కాస్త చేయి పెద్దదైన ఇంటికి వెళ్లాలి. పుస్తకం తిరగేసి పైవాళ్లు ఎంత రాశారో చూసే తమ అంకె చెప్పేవాళ్లు చాలామంది. పైన 5,116 ఉంటే కింద 1,116 పడుతుంది, పైన 116 ఉంటే అదే వరసగా కొనసాగుతుంది. ఇది కొంచెం గడుసుతనమే, ఒప్పుకుంటాను. అయితే అద్దెకుండేవాళ్ల దగ్గర, చిన్న జీతాలవాళ్ల దగ్గర పుస్తకం తెరిచి చూపించకండి. వాళ్లిచ్చిన నూట పదహార్లు తీసుకుని, పేరు స్పష్టంగా రాసి, అదే గౌరవంతో రశీదు చింపి ఇవ్వండి. "ఇవ్వం" అన్నవారికి అన్నదానం రోజు చెప్పి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆ ఇంటి పిల్లలకు కూడా ప్రసాదం ఉంటుంది.

రశీదుకు వరస నంబరు, కార్బన్ నకలు తప్పనిసరి. ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా వచ్చిన దానికీ రశీదు రాయాలి, లేకపోతే రెండు లెక్కలు కలవవు. ఉద్యోగస్తులు కొందరు "80జి వస్తుందా సార్?" అని అడుగుతారు. పండగ కమిటీకి సాధారణంగా ఆ గుర్తింపు ఉండదు, రాదని నేరుగా చెప్పండి. గుర్తింపున్న సంస్థకిచ్చినా రెండు వేలు దాటిన నగదుకు ఆ ఆదాయపు పన్ను మినహాయింపు లేదు.

డాలస్ నుంచో సిడ్నీ నుంచో కాలనీ పిల్లలు పంపే డబ్బు దగ్గర ఆగి ఆలోచించండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. గ్రీన్ కార్డు ఉన్నా సరే, పాస్‌పోర్టు మనదైతే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం విదేశీ విరాళమే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, అందుకోసం ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. "మా అబ్బాయేగా, ఏమవుతుంది" అనే నాన్నగారికి ఈ మాట మెల్లగా చెప్పాలి.

డబ్బుగా ఇవ్వనివాళ్లు వస్తువుగా ఇస్తారు. అన్నదానానికి బియ్యం బస్తా ఒకరు, నూనె డబ్బా ఒకరు, కూరగాయలు ఒకరు, పెరుగు ఒకరు. వీటినీ రశీదు పుస్తకంలో ధర కట్టకుండా వస్తువుగానే రాయండి. మైకులో బియ్యం ఇచ్చినవారి పేరు చదివి, పెరుగు ఇచ్చినామె పేరు మరిచిపోతే వచ్చే ఏడు పెరుగు ఉండదు.

మధ్యలో ఇంకోరకం విజ్ఞప్తి వచ్చి పడొచ్చు. వాచ్‌మన్ కొడుకుకు ఆపరేషన్ అని కబురు. పండగ పుస్తకంలో దాన్ని కలపకండి, పండగ మైకులో అరిచి చెప్పకండి. ముందు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో కనుక్కోండి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. చాలాసార్లు కార్డుంటుంది గానీ ఎవరిని కలవాలో తెలియదు, అప్పుడు చందాకన్నా ఆరోగ్యమిత్ర దగ్గరికి వెంట వెళ్లే మనిషి అవసరం. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టించేవాళ్లూ కాలనీలో ఒకరుంటారు. అవన్నీ అయ్యాక తక్కువ పడ్డదానికే అడగాలి. ఆస్పత్రి ఇచ్చిన అంచనా కాగితం తెప్పించుకుని, డబ్బు వీలైనంతవరకు ఆస్పత్రి కౌంటర్లోనే కట్టండి. ముక్కులో గొట్టాలున్న పిల్లాడి ఫొటో వాట్సాప్‌లో తిప్పడం దయచేసి వద్దు. వాడు బాగై రేపు మన గేటు ముందే క్రికెట్ ఆడాలి.

చివరి రోజు లడ్డూ వేలం. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు మొదలైన పాట 2024లో 30 లక్షల వెయ్యికి చేరింది. బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల సముదాయంలో అదే ఏడాది 1.87 కోట్లు పలికింది. అక్కడ నివాసులు జట్లుగా పాడి ఆ సొమ్మును సేవా పనులకు వాడతారు. ఈ వార్తలు చూసి మన వీధిలోనూ ఊపు వస్తుంది, చప్పట్ల మధ్య అరవై వేలకు పాడిన తమ్ముడు దసరా దాటినా కట్టడు. ఊరు కాని చోట అడగడానికీ మొహమాటం. బాలాపూర్ కమిటీ 2024లో వేలంలో దిగేవారు ముందటి ఏడు పలికిన 27 లక్షలు ముందే కట్టాలని నిబంధన పెట్టింది. మనకూ అదే దారి. పాటలో దిగేవారంతా పోయినేటి ధర ముందే జమ చేయాలి, ఓడినవారికి అప్పటికప్పుడే తిరిగివ్వాలి. ముఖ్యంగా, రాని లడ్డూ డబ్బును నమ్ముకుని డప్పులవాళ్లకో లైటింగువాళ్లకో మాటివ్వకండి.

నిమజ్జనమైన మర్నాడు అందరూ నిద్రపోతారు. ఆ మర్నాడు కోశాధికారి, ఇంకో ఇద్దరు కూర్చుని పుస్తకాల నకళ్లు, ఖాతా స్టేట్‌మెంటు, ఖర్చు బిల్లులు పక్కపక్కన పెట్టి కూడాలి. లెక్క ఒక పేజీలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. వచ్చింది ఎంత, లడ్డూ బాకీ ఎంత, పోయింది దేనికెంత, మిగులు ఎంత. బిల్లు లేని ఖర్చును "ఇతరములు" అన్న గొయ్యిలో పడేయకండి, "హమాలీలకు టీ, టిఫిన్లు, బిల్లు లేదు" అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. తక్కువ పడితే తక్కువ పడిందనే రాయాలి. మండపం వేసిన గుంజలు పీకకముందే ఆ కాగితం అక్కడ కట్టండి, వాట్సాప్ గ్రూపులోనూ పెట్టండి. చాలామంది చదవరు. చదివే నలుగురైదుగురే మిగతావాళ్లకు చెబుతారు.

మిగులు ఖాతాలో ఉంచి, ఖాతా ఇద్దరి సంతకాలతో నడిచేలా బ్యాంకుకు రాసివ్వండి. కోశాధికారి మారితే పాస్‌బుక్కు, రశీదు పుస్తకాలు, స్టాంపు అప్పగించినట్టు సంతకాలు తీసుకోండి. కిరాణా కొట్టు గల్లాపెట్టె మీద, టిఫిన్ బండి మీద అతికించిన చందా క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు ఆ రోజే పీకించండి. పొరపాటున అది పాత కోశాధికారి సొంత నంబరుకు కలిసి ఉంటే, ఇడ్లీల డబ్బులు వచ్చే ఏడు దాకా ఆయన ఖాతాలోనే పడుతుంటాయి.