పసిబిడ్డకు సముద్రపు బొమ్మల క్రోషే దుప్పటి: చేయవలసినవి - చేయకూడనివి

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో బారసాలకి చేత్తో అల్లిన దుప్పటి ఇవ్వాలనుకునే అమ్మమ్మలు, నానమ్మలు, మేనత్తల కోసం ఈ సూచనలు.

ఫిలే క్రోషే అంటే గళ్ల అల్లిక. నిండు గళ్లతో బొమ్మ, ఖాళీ గళ్లతో నేల. ఋషికుల్య ఒడ్డున గుడ్లు పెట్టే తాబేలు, చిలికాలో తిరిగే డాల్ఫిన్, శంఖం, అలలు ఈ గళ్లలో చక్కగా కుదురుతాయి. అయితే ఈ పని ఎక్కువగా నడిచింది బల్లగుడ్డల కోసం, కిటికీ తెరల కోసం. అక్కడ అందం తెచ్చే ఖాళీ గడి పసిబిడ్డ వేలికి ఉచ్చు అవుతుంది. ముఖ్యమైన ప్రమాదం అదే. ముందు దాన్ని సరిచేసుకోండి.

చేయవలసినవి

• సన్నటి నూలు దారం, దానికి తగ్గ సన్న సూది తీసుకోండి. దారం లావైతే గడి పెద్దదవుతుంది.

• మొదట అరచేతి వెడల్పున నమూనా ముక్క అల్లండి. ఉతికి ఆరాక ఖాళీ గడిలో పెన్సిలు పెట్టి చూడండి. నెట్టకుండానే దూరితే ఇంకా సన్న సూదికి మారండి.

• ఖాళీ గడిలో రెండు చైన్లకు బదులు ఒక్క చైనే వేయండి. గడి ఇరుకవుతుంది, బొమ్మ నిలువుగా సాగుతుంది. గ్రాఫు కాగితం మీద ముందే సరిచూసుకోండి.

• బొమ్మను తిరగేసి గీయండి. సముద్రమంతా నిండు గళ్లతో నింపి, తాబేలు డిప్ప మీది గీతలు, చేప పొలుసులు, అల అంచు మాత్రమే ఖాళీ గళ్లుగా వదలండి. పుస్తకాల్లోని గ్రాఫులు ఎక్కువగా దీనికి తలకిందులుగా ఉంటాయి. బిడ్డ దుప్పటికి మాత్రం ఇదే సరైన పద్ధతి.

• వెనక మెత్తటి మల్లు బట్టతో అస్తరు వేయండి. ఈ ఒక్క పనితో సగం ప్రమాదం తప్పుతుంది.

• అస్తరు బట్టను ముందే ఉతికి, ఆరబెట్టి, ఆ తర్వాతే కుట్టండి. తర్వాత అది కుదించుకుపోతే అల్లిక ముడతపడి గళ్లు తెరుచుకుంటాయి.

• అస్తరును అంచుల్లోనే కాక మధ్యలోనూ బెత్తెడు దూరానికొక చోట పట్టి కుట్టండి. లేకపోతే రెండు పొరల మధ్య సంచిలా ఏర్పడి బిడ్డ చెయ్యి ఇరుక్కుంటుంది.

• దారం కొసను కనీసం 10 సెంటీమీటర్లు వదిలి, ఒక వైపుకీ మళ్లీ ఎదురు వైపుకీ సూదితో అల్లికలోకి దూర్చండి. ఒక్క ముడి వేసి కత్తిరిస్తే నాలుగు ఉతుకులకి ఊడుతుంది.

• చేప కన్ను, తాబేలు కన్ను దారంతోనే కుట్టండి.

• రంగు దారాన్ని తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ దారం పక్కన పెట్టండి. బిడ్డ దుప్పటి అంచును నోట్లో పెట్టుకోక మానదు.

• అల్లేటప్పుడు జుట్టు గట్టిగా ముడి వేసుకోండి. అల్లికలో చిక్కిన ఒక్క వెంట్రుక కాలివేలికి చుట్టుకుంటే చాలు, నెత్తురు ఆడక వేలు వాచిపోతుంది. కాన్పు తర్వాత కొన్ని నెలలు తల్లికి జుట్టు బాగా రాలుతుంది కాబట్టి వాడిన ప్రతిసారీ దుప్పటిని వెలుతురులో విప్పి చూడండి.

• బిడ్డను చుట్టే ముందు మువ్వల పట్టీలు, గాజులు, దిష్టిపూసలు తీసేయండి. మువ్వ గడిలో చిక్కుకుంటే బిడ్డ కాలు తన్నుకున్న కొద్దీ పట్టీ బిగుస్తుంది. మొలతాడు కొస వేలాడుతుంటే కత్తిరించండి.

• బిడ్డ మెలకువగా, మీ ఒడిలో, మీ కళ్ల ముందు ఉన్నప్పుడే ఈ దుప్పటి వాడండి.

• బిడ్డ నిద్రపోగానే దుప్పటి తీసి పక్కన పెట్టండి. అమెరికా శిశువైద్యుల సంఘం 2022లో సవరించిన సూచనల ప్రకారం ఏడాది నిండని బిడ్డ పక్కలో వదులు దుప్పటి, దిండు, బొమ్మ ఏవీ ఉండకూడదు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. చలి అనిపిస్తే ఒంటికి ఇంకో నూలు చొక్కా తొడగండి.

• మొదటిసారి వాడే ముందు ఉతకండి. గంజి పెట్టిన లేసు అయితే గంజి పూర్తిగా పోయేదాకా ఉతకండి, బిరుసు దారం చర్మాన్ని గీరుతుంది.

• వానాకాలంలో సముద్రపు గాలికి నూలు పైకి ఆరినట్టే కనిపిస్తుంది, అస్తరు లోపల తడి ఉంటుంది. రెండు వైపులా ఎండలో తిప్పి ఆరబెట్టండి.

• దాచేటప్పుడు ఎండిన వేపాకు గుడ్డలో మూట కట్టి పెట్టండి. బిడ్డకి వాడే ముందు మూట తీసి దుప్పటి దులపండి.

• సూదులు, కత్తెర మూత ఉన్న డబ్బాలో పెట్టండి. పని ముగించి లేచే ముందు సూదులు లెక్కపెట్టుకోండి.

• బిడ్డ కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడిస్తే ముందు మేజోళ్లు విప్పి కాలివేళ్లు, చేతివేళ్లు ఒక్కొక్కటే చూడండి. దారమో వెంట్రుకో కనిపిస్తే మొండి మొన కత్తెరతో కత్తిరించండి. వాపు తగ్గకపోయినా, వెంట్రుక చర్మంలోకి దిగి కనిపించకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, అంబులెన్సుకు 108.

• ఏడాది లోపు బిడ్డ గొంతులో ఏదైనా అడ్డుపడి ఏడవలేకపోతే, దగ్గలేకపోతే, ముంజేతి మీద బోర్లా, తల దిగువగా పట్టుకోండి. వీపు మీద రెండు భుజాల మధ్య అరచేతి అడుగుభాగంతో 5 సార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ ఒక అరచేతి అడుగుభాగంతో 5 సార్లు నొక్కండి. పక్కవాళ్లని 108కి ఫోన్ చేయమనండి.

• దుప్పటితో పాటు జాగ్రత్తల చీటీ ఇవ్వండి. తెలుగులో, ఒడియాలో రెండింటిలో రాయండి. బిడ్డను చూసే ఆయమ్మకి ఏ భాష వచ్చో మీకు తెలియదు.

చేయకూడనివి

• బల్లగుడ్డ గ్రాఫును ఉన్నది ఉన్నట్టు బిడ్డ దుప్పటికి వాడకండి.

• గోపాల్‌పూర్ ఒడ్డున అమ్మే గవ్వలు, శంఖం ముక్కలు, ముత్యపు పూసలు దుప్పటికి కుట్టకండి. గవ్వ అంచు కోస్తుంది, ఊడితే గొంతులో పడుతుంది. పైగా కొన్ని రకాల శంఖాలు, గవ్వలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కింద ఉన్నవి. వాటి అమ్మకం, కొనుగోలు నేరం.

• గుండీలు, ప్లాస్టిక్ కళ్లు, చెమ్కీలు, జరీ వాడకండి.

• కుచ్చులు, ఊలు బంతులు, లంగరు తాడులా వేలాడే దారాలు పెట్టకండి. చూడ్డానికి బాగుంటాయి, నిజమే. ఏడాది నిండని బిడ్డ దగ్గర వాటికి చోటు లేదు.

• వల అల్లే నైలాన్ దారం సముద్రపు బొమ్మకి సరిపోతుందని వాడకండి. అది తెగదు, వేలినే కోస్తుంది.

• ఆక్రిలిక్ ఊలుతో అల్లకండి. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, గంజాం ఉక్కపోతకి చెమట పీల్చదు.

• సాంబ్రాణి ధూపం వేసేటప్పుడు బిడ్డకి ఈ దుప్పటి చుట్టకండి. నూలైనా నిప్పురవ్వకి అంటుకుంటుంది. దోమల చుట్ట, దీపం దగ్గర కూడా ఉంచకండి.

• కలరా ఉండలు వేసిన పెట్టెలో బిడ్డ బట్టలు, దుప్పట్లు దాచకండి. వాటిలో సాధారణంగా ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన బిడ్డకి ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి, మెదడు దెబ్బతినే స్థితి కూడా రావచ్చు. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల జనంలో ఈ లోపం ఎక్కువ. బిడ్డకి అది ఉందో లేదో పరీక్ష చేస్తే తప్ప తెలియదు. పాతికేళ్లుగా పెట్టెలో భద్రంగా దాచిన మీ అమ్మ చేతి అల్లిక అయినా సరే, ఆ వాసన వస్తుంటే బిడ్డకి కప్పకండి.

• పడుకున్న బిడ్డకి చీర ఉయ్యాలలో ఈ దుప్పటి కప్పకండి. ఉయ్యాల మధ్యకి వంగుతుంది, దుప్పటి ముఖం మీదకి జారుతుంది.

• గళ్లు ఉన్నాయి, గాలి ఆడుతుందనే ధైర్యంతో ముఖం మీద వేయకండి. రెండు మడతలు పడితే గళ్లు మూసుకుపోతాయి. పాలు కక్కి తడిసిన నూలు గాలి ఆడనివ్వదు.

• దోమతెరకి బదులుగా వాడకండి.

• కాళ్లు చాపి కట్టేసినట్టు బిగించి చుట్టకండి. తుంటి కీలు పక్కకి జారే ప్రమాదం ఉంది. మోకాళ్లు మడిచి కదిపే వదులు ఉండాలి.

• ఏప్రిల్, మే ఎండల్లో వాడకండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూసినప్పుడు చెమట ఉంటే ఏ నెలలోనైనా తీసేయండి.

• మంగళసూత్రానికి తగిలించుకున్న పిన్నీసు తీసి దుప్పటి కొసలు బిగించకండి.

• క్రోషే సూదిని జాకెట్టుకో కొప్పుకో గుచ్చుకుని బిడ్డను ఎత్తుకోకండి.

• సముద్రపు ఒడ్డున ఇసుకలో పరవకండి. గళ్లలో చిక్కిన ఇసుక రెండు ఉతుకులకి కూడా పోదు, చర్మం ఒరుసుకుపోతుంది.

• కత్తిరించిన దారపు ముక్కలు ఒడ్డున వదలకండి. తెగిన వలల్లో, దారాల్లో చిక్కుకుని చచ్చే తాబేళ్లు ఇప్పటికే చాలా ఉన్నాయి.

• వేలికి చిక్కిన దారాన్ని లాగకండి, ఇంకా బిగుస్తుంది.

• గొంతులో పడిన వస్తువు కనబడకపోతే నోట్లో వేలు పెట్టి వెతకకండి, లోపలికి పోతుంది.

• ఒక గడి తెగిన దుప్పటిని బాగుచేయకుండా మళ్లీ వాడకండి.

ఇంతకుముందే ఏ చుట్టాలకైనా అస్తరు లేని దుప్పటి అల్లి ఇచ్చి ఉంటే ఈ రోజే ఫోన్ చేయండి. అస్తరు వేయించమని, అంతవరకు పక్కన పెట్టమని చెప్పండి. అస్తరు వేశాక కూడా నిద్రలో కప్పొద్దని చెప్పండి.