కుదురులేని పిల్లలకు కౌన్సెలింగ్



"తెలివుంది, కుదురు లేదు" అని పిల్లల్ని అంటుంటాం. ఆ కుదురులేమి ఇంట్లోనూ బడిలోనూ 6 నెలలకు పైగా ఉంటే ఏడీహెచ్‌డీ కావచ్చు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య. దెబ్బలతో తగ్గదు, పిల్లలు తమని తామే చెడ్డవాళ్లం అనుకోవడం మొదలుపెడతారు.

6 ఏళ్లలోపు పిల్లలకైతే కౌన్సెలింగ్‌లో ముందు శిక్షణ ఇచ్చేది తల్లిదండ్రులకే. ఒకసారికి ఒక్క పనే చెప్పండి. "హోంవర్క్ చెయ్యి" అనే బదులు "లెక్కల పుస్తకం తియ్యి" అనండి. తీయగానే మెచ్చుకోండి. మధ్యమధ్యలో కాసేపు లేచి తిరగనివ్వండి.

నిర్ధారణ డాక్టరే చేయాలి. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కృష్ణదేవిపేట నుంచి అంతదూరం వెళ్లేముందు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో, ఉచితంగా సలహా ఇస్తారు. డైరీలో మాకూ రాయండి. క్లాసులో గమనించినవి చెబుతాం.