ఒకే ఇల్లు, రెండు వాటాలు

చిరంజీవి చిన్నోడికి,



సర్వర్లోకి లాగిన్ అయ్యే పుట్టీ ప్రోగ్రాములో సర్వర్ కలవట్లేదనీ, రెండు రోజుల్నుంచీ ఆఫీసులో తల తినేస్తున్నారనీ నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగానికి "ఊఁ" కొడతావు. అందుకే రాస్తున్నా.

నేను ఓ రైసుమిల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూసే రోజుల్లో ఇదే తిప్పలు పడ్డాను. సర్వర్ ఐపీ చిరునామా 192.168.1.140. నా కంప్యూటరు చివరి అంకె 50. ఎన్నిసార్లు నొక్కినా కలవదు. పక్క బల్ల మీది 150 మాత్రం ఠక్కున కలిసేది. పుట్టీ తీసేసి మళ్లీ ఎక్కించాను, కేబుల్ మార్చాను, స్విచ్ ఆపి వేశాను. రాత్రి పదయింది. చివరికి నా దాంట్లోనూ, పక్క బల్ల దాంట్లోనూ ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం కొట్టి, ఓ పాత వేబిల్లు వెనక రాసుకున్నాను. రెండిట్లోనూ సబ్‌నెట్ మాస్కు 255.255.255.128!

ఆ 128 నెట్‌వర్క్ అనే ఇంటికి నడిమధ్య గోడ కడుతుందిరా. 0 నుంచి 127 దాకా ఒక వాటా, 128 నుంచి 255 దాకా ఇంకోటి. 140, 150 ఒకే వాటా వాళ్లు. నా 50 గోడకి ఇవతల. ఒకే వాటాలో ఉంటే "140 ఎవరు?" అని నేరుగా కేకేస్తే సరిపోతుంది. అవతలి వాటాకి పోవాలంటే గుమ్మం ఉండాలి. అదే గేట్‌వే. మా ఆఫీసులో ఇంటర్నెట్టే లేదు, ఆ గడి ఖాళీ. అన్ని యంత్రాల్లోనూ మాస్కు చివర 0 పెట్టాను, లాగిన్ వచ్చేసింది.

అసలు పుట్టీ సాయంత్రమే చెప్పింది, "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అని. నేనే చదవకుండా ఓకే నొక్కేశాను. నువ్వలా చెయ్యకు. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే చాలావరకు దారి బాగానే ఉన్నట్టు. అవతల లాగిన్ తీసుకునే ఎస్ఎస్‌హెచ్ నడవడం లేదు, లేదా దానికి మామూలు 22 కాక వేరే పోర్టు పెట్టారు. అప్పుడు మాస్కు జోలికి పోకు. "టైమ్డ్ అవుట్" అంటే ఉలుకూ పలుకూ లేదు: చిరునామా తప్పయినా కావచ్చు, ఫైర్‌వాల్ మింగేస్తూనైనా ఉండొచ్చు. పింగ్‌కి జవాబు రాలేదని యంత్రం ఆగిపోయిందనుకోకు, ఫైర్‌వాల్ పింగ్‌నీ ఆపగలదు. నీ చిరునామా 169.254తో మొదలైతే చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నీకేమీ ఇవ్వలేదు. అది విండోస్ తనంతట తాను తగిలించుకున్న అంకె.

మార్చేముందు పాత అంకెలు కాగితం మీద పెట్టుకో. ఒక్కసారికి ఒక్కటే మార్చు. ఇంకో మాట. మా మిల్లులో గోడ ఎవరో పొరపాటున కట్టింది. మీ ఆఫీసులో అకౌంట్సు వేరు, కెమెరాలు వేరు అని కావాలనే కట్టి ఉండొచ్చు. అలాగైతే పగలగొట్టకు, గుమ్మం ఎక్కడుందో అడుగు.

రెండు యంత్రాల ఐపీ, మాస్కు, గేట్‌వే, పుట్టీ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. "కలవట్లేదు" అని మాత్రం పంపకు.

ఇట్లు,
మీ బాబాయి