కోత మానింది, దగ్గు మానలేదా?

శ్రీకాకుళం వైపు నుంచి పనికొచ్చి భిలాయిలో, మా జాముల్‌లో స్థిరపడ్డ ఇళ్లలో ఒక భయం చూస్తుంటాను. ఊపిరితిత్తి ఆపరేషనై ఇంటికొచ్చిన మనిషి దగ్గితే చాలు, జబ్బు తిరగబెట్టిందని ఇల్లంతా కుంగిపోతుంది. నేనూ ఆ ఆపరేషన్ దాటినవాణ్ణే, అందుకే చెబుతున్నాను.

1. ఆ దగ్గు చాలామందికి వచ్చేదే. కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలుంటాయి, నాకు కింది భాగం తీశారు. మిగిలినవి జరిగి ఆ ఖాళీలో సర్దుకుంటాయి, గాలిగొట్టం వంపు మారుతుంది, కోత దగ్గర నరాలు రేగి ఉంటాయి. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడినా, చల్లగాలి తగిలినా గొంతులో గరగర, వెంటనే పొడిదగ్గు. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కొందరికి ఏడాదైనా పూర్తిగా పోదు.

2. మొదటి రోజుల్లో దగ్గును ఆపుకోకండి. కఫం లోపలే ఉండిపోతే న్యుమోనియాకు దారితీస్తుంది. దిండును కోత మీద పెట్టి రెండు చేతులా అదిమి, కాస్త ముందుకు వంగి దగ్గండి. ఊపిరి లోపలికి పీల్చే మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు కదా, అందులో బంతి ఎగరడం గొప్ప కాదు, కాసేపు పైన నిలవాలి. నొప్పి మాత్ర పనిచేస్తున్నప్పుడే ఇవన్నీ చేసుకోండి.

3. ఎప్పుడు దగ్గు వస్తోందో గమనించండి. తిన్నాక, పడుకోగానే వస్తుంటే కడుపులో పులుపు పైకి తన్నుతోందేమో. పడకకు రెండు మూడు గంటల ముందే భోంచేయండి, తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. బీపీ మాత్రల అట్ట కూడా తిప్పి చదవండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కొందరికి పొడిదగ్గు తెస్తాయి. మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుకు చూపిస్తే వేరే మందు రాస్తారు.

4. బీడీ ఇంట్లో ఎవరూ కాల్చకూడదు. దోమల కాయిల్ కూడా వద్దు.

5. సిమెంటు, ఉక్కు పనుల ఊరు మనది. ఏ పనిలో ఎన్నేళ్లు దుమ్ము పీల్చారో డాక్టరు అడగకపోయినా చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష కూడా అడగండి, టీబీ అనుమానం తీరుతుంది.

6. కఫంలో రక్తం, జ్వరం, ఆయాసం ఉంటే ఆగకండి. పక్కకు ఒరిగితే ఉన్నట్టుండి నీళ్లలాంటి కఫం బోలెడు వచ్చినా అంతే, గాలిగొట్టం కుట్టు విడిందేమో చూడాలి. ఆపరేషన్ చేసినచోటికి వెళ్లండి, అది దూరమైతే భిలాయి సెక్టార్ 9 ఆసుపత్రికో రాయ్‌పూర్ ఎయిమ్స్‌కో ఆ పూటే బయల్దేరండి. డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు ఒకే సంచిలో ఉంచి, అదెక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.