ఈస్టు కణాల మూగ పిలుపు

రొట్టె పొంగడానికీ, కల్లు పులియడానికీ కారణమైన ఈస్టు ఒక ఏకకణ శిలీంధ్రం. శాకరోమైసిస్ సెరివిసియే దాని శాస్త్రీయ నామం. ఒక్కొక్క కణం మిల్లీమీటరులో సుమారు 200వ వంతు మాత్రమే ఉంటుంది. దానికి కన్ను లేదు, చెవి లేదు, నడవడానికి కాలు లేదు. అయినా తనకు తగిన జోడు సమీపంలో ఉన్నదని గ్రహిస్తుంది. ఏ దిక్కున ఉన్నదో తెలుసుకొని ఆ వైపుకే పెరుగుతుంది. ఇది ఎట్లా సాధ్యం?

ఈస్టులో స్త్రీ పురుష భేదం లేదు. 'ఎ' అనీ, 'ఆల్ఫా' అనీ రెండు సంయోగ రకాలు మాత్రం ఉన్నాయి. చూపుకు రెండూ ఒక్కటే. 'ఎ' కణం 12 అమైనో ఆమ్లాలు గల ఒక చిన్న పెప్టైడును వెలువరిస్తుంది. దానికి కొవ్వు వంటి తోక ఒకటి అతికి ఉంటుంది. ఆల్ఫా కణం వెలువరించే పెప్టైడులో 13 అమైనో ఆమ్లాలుంటాయి. ఒక జీవి వెలువరించి, అదే జాతికి చెందిన మరొక జీవి ప్రవర్తనను మార్చే ఇటువంటి పదార్థాలకు 1959లో ఫెరమోన్లు అని పేరు పెట్టారు.

పిలుపు ఉంటే చాలదు, వినేవారుండాలి. ఆ పని గ్రాహకాలది. 'ఎ' కణం త్వచంలో ఉండే స్టీ2 అనే గ్రాహకం ఆల్ఫా ఫెరమోనును పట్టుకుంటుంది. ఆల్ఫా కణంలోని స్టీ3 'ఎ' ఫెరమోనును పట్టుకుంటుంది. అంటే ఏ కణమూ తన మాట తాను వినదు, ఎదుటివారి మాటే వింటుంది. 'స్టీ' అనే అక్షరాలు వంధ్యత్వాన్ని సూచించే ఆంగ్ల పదం నుంచి వచ్చాయి. ఈ జన్యువులు చెడిన కణాలు సంయోగం చెందలేకపోవడమే ఆ పేరుకు కారణం. లోపించినప్పుడు గాని వస్తువు విలువ తెలియదన్నది శాస్త్రజ్ఞులకూ వర్తించింది.

గ్రాహకం కణత్వచాన్ని ఏడుసార్లు దాటుతూ మెలికలు తిరిగి ఉంటుంది. బయట ఫెరమోను తగలగానే దాని ఆకృతి మారుతుంది. త్వచం లోపలి అంచున కాచుకొని ఉన్న జి-ప్రొటీను అప్పుడు రెండుగా విడిపోతుంది. విడివడిన భాగం ఒక ఎంజైము శ్రేణిని మేల్కొలుపుతుంది. ఒకటి మరొకదాన్ని తట్టి లేపగా, చివరకు వార్త కేంద్రకాన్ని చేరి, సంయోగానికి కావలసిన జన్యువులు పనిచేయసాగుతాయి. కణవిభజన ఆగిపోతుంది. గుండ్రని కణం ఫెరమోను గాఢత ఎక్కువగా ఉన్న వైపుకు మొన సాచి, పియర్ పండు ఆకారం పొందుతుంది. అమెరికా వ్యంగ్య చిత్రకారుడు ఆల్ క్యాప్ సృష్టించిన 'ష్మూ' అనే పాత్రను పోలి ఉండటంతో ఆ ఆకారానికి ఆ పేరే నిలిచింది! రెండు మొనలు కలిసి, కేంద్రకాలు ఏకమై, ద్వయస్థితిక కణం ఏర్పడుతుంది. ఈ కణం ఇక పిలవదు, పిలుపు వినదు. ఆహారం కరవైతే నాలుగు సిద్ధబీజాలనిస్తుంది. వాటిలో రెండు 'ఎ' రకం, రెండు ఆల్ఫా రకం.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. అనుకూల పరిస్థితులలో ఈస్టు సుమారు గంటన్నరకొకసారి విభజన చెందుతుంది. జోడు అందనంత దూరంలో ఉండగా పిలుపును నమ్మి విభజన మానుకున్న కణం, చుట్టూ ఉన్నవి వందలుగా పెరుగుతూ ఉంటే తాను ఒంటరిగా మిగిలిపోతుంది. అందుకే వినడం ఎంత అవసరమో, వినడం మానడమూ అంతే అవసరం. 'ఎ' కణం బార్1 అనే ఎంజైమును బయటికి విడిచి, చుట్టూ ఉన్న ఆల్ఫా ఫెరమోనును ముక్కలు చేస్తుంది. కణం లోపల ఎస్‌ఎస్‌టీ2 అనే ప్రొటీను, విడివడిన జి-ప్రొటీను తిరిగి ఒక్కటి కావడానికి తోడ్పడుతుంది.

ఈ గ్రాహకాల కుటుంబం ఈస్టుకే పరిమితం కాదు. మానవ శరీరంలో ఇటువంటివి సుమారు 800 ఉన్నాయి. మన కన్ను వెలుగును గ్రహించడం, ముక్కు వాసన పట్టడం, గుండె అడ్రినలినుకు స్పందించడం వీటివల్లనే. 1990లో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ ప్రభృతులు మానవుల అడ్రినలిన్ గ్రాహకాన్నీ, దానికి జతయైన జి-ప్రొటీను భాగాన్నీ ఈస్టు కణంలో ప్రవేశపెట్టారు. అడ్రినలిన్ వంటి ఔషధం సోకగానే ఆ కణం, జోడు పిలిచిందనుకొని, సంయోగానికి సిద్ధపడింది. గ్రాహకాల పరిశోధనకే లెఫ్కోవిట్జ్, బ్రయన్ కోబిల్కా 2012లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. కొత్త ఔషధాలు గ్రాహకాలపై ఎట్లా పనిచేస్తాయో పరీక్షించడానికి ఇటువంటి ఈస్టు కణాలను ప్రయోగశాలల్లో నేటికీ పెంచుతున్నారు.