తెల్లవారుజాము మెలకువ, పైకప్పు మీద మరక

సమస్య

నా వయసు 63. రాజమహేంద్రవరంలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో నా స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. డిగ్రీలో మాది ఒకే బెంచీ. పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని మేం చెప్పుకోని మాట లేదు. 2015 గోదావరి పుష్కరాలకు వచ్చినప్పుడు తను నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంది. మావారు పోయి రెండేళ్లయింది. "ఒక్కదానివీ ఆ ఇంట్లో ఏం చేస్తావే, వచ్చెయ్, రెండు నెలలు నా దగ్గరుండు" అని తనే పోరి పోరి పిలిచింది. వచ్చి ఇవాళ్టికి ఎనిమిది రోజులు.

రోజూ రెండున్నరకో, మూడింటికో మెలకువ వచ్చేస్తోంది. కడుపులో ఒకటే ఆకలి. చీకట్లో మెట్లు దిగి, ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా తీసి, పెరుగన్నం నిలబడే తినేస్తున్నాను. దొంగతనం చేస్తున్నట్టుంటుంది. పొద్దున ఏడున్నరకు తనూ, వాళ్లాయనా ఆఫీసులకు వెళ్లిపోతారు. కిటికీలోంచి చూస్తే కార్లే తప్ప మనిషి కనపడడు. మధ్యాహ్నం కళ్లు వాలిపోతాయి. తను వచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను. ముచ్చట్లకని వచ్చినదాన్ని, తనతో గంటసేపయినా మాట్లాడింది లేదు.

మూడో రోజు పొద్దున స్నానానికి వెళ్లాను. టబ్బులోకి కాలెత్తి దిగాలంటే భయమేసి, బయటే బకెట్ పెట్టుకుని చెంబుతో పోసుకున్నాను. సాయంత్రానికి కింద హాలు పైకప్పు మీద చేటంత మరక! తను "పర్లేదులేవే" అంది. వాళ్లాయన మాత్రం ఒక్కమాట అనకుండా ఎవరికో ఫోన్ చేశారు. మర్నాడు వంకాయ కూరకు పోపు వేస్తే పొగ అలారం కూతపెట్టింది. ఏం చెయ్యాలో తెలియక వీధి గుమ్మంలోకి పరిగెత్తాను.

ఆ రోజు నుంచీ వాళ్ల ముఖం చూడలేకపోతున్నాను. అంట్లన్నీ తోమేసి, బట్టలన్నీ మడతపెట్టేసి నా గదిలో కూర్చుంటున్నాను. టికెట్ ముందుకు మార్చుకుని వెళ్లిపోదామనుంది. తనకెలా చెప్పను?

— ఒక రిటైర్డ్ టీచర్

సలహా

టీచర్‌గారూ, టికెట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు మీ ఒంటి సంగతి చూద్దాం. వేసవిలో న్యూజెర్సీ గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడ తెల్లవారుజాము మూడంటే రాజమండ్రిలో మధ్యాహ్నం పన్నెండున్నర. మీ కడుపు అడిగేది దొంగతిండి కాదండీ, రోజూ ఆ వేళకు తినే అన్నం. ఒంటి గడియారం సుమారు రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది. పెద్దవాళ్లకు ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మీకింకా ఎనిమిది రోజులే. నిద్ర చాలక అలసిన మనసు మూడింటప్పుడు ఏది తలచుకున్నా భయంగానే తలచుకుంటుంది. ఆ వేళ తేల్చుకున్న ఏ మాటనూ అమలుచెయ్యకండి.

మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తే అరగంట దాటనివ్వకండి, అలారం పెట్టుకోండి. సాయంత్రం వెలుతురులో నడవండి. జూన్‌లో అక్కడ ఎనిమిదిన్నర దాకా పొద్దు గుంకదు. పడమటికి ప్రయాణించినవాళ్లకు ఆ సాయంత్రపు వెలుగే మందు. బీపీకో, షుగరుకో మాత్రలు వాడుతుంటే ఏ వేళకు వేసుకోవాలో మీ డాక్టరును ఫోనులో అడగండి. రాత్రి పడుకునే ముందు పెరుగన్నం గిన్నె మీ పేరున ఫ్రిజ్‌లో పెట్టుకుంటానని మీ స్నేహితురాలికి చెప్పండి. చెప్పి తింటే ఆ దొంగతనం భావన పోతుంది.

ఇక ఆ మరక. మన బాత్రూముల్లో నేలకు వాలు ఉంటుంది, మూలన తూము ఉంటుంది. అక్కడి ఇళ్లు చాలావరకు చెక్క చట్రంతో కట్టినవి. బాత్రూము నేలకు చాలా ఇళ్లలో తూమే ఉండదు. టబ్బు బయట పోసిన నీళ్లు చెక్కలోకి ఇంకి, కింది గది పైకప్పుకు కొట్టిన జిప్సం పలకలో తేలతాయి. చెప్పేవాళ్లు లేకపోతే ఇది ఎవరికి తెలుస్తుంది? ఇరవై, పాతికేళ్లు అక్కడున్నవాళ్లు తామూ మొదట్లో ఇలాగే తడబడ్డామన్నది మరిచిపోతారు. రాగానే మిమ్మల్ని బాత్రూముకు తీసుకెళ్లి చూపించాల్సింది ఆవిడ. ఈ మాట మొహమాటం లేకుండానే అంటున్నాను. ఇకనుంచి టబ్బు లోపల జారని చాప, అందులోనే చిన్న ప్లాస్టిక్ స్టూలు, బకెట్, చెంబు పెట్టించుకోండి. కర్టెన్ అంచు టబ్బు లోపలికి వేలాడాలి. దిగేటప్పుడు గోడ పట్టుకోండి, తువ్వాలు వేలాడదీసే కడ్డీని మాత్రం పట్టుకోకండి, అది మనిషి బరువు ఆపదు. పోపుకు ముందు పొయ్యి మీది ఫ్యాను వేసి, కిటికీ తెరవండి. పోపు పొగకు అలారం మోగితే ఇల్లు కాలిపోతున్నట్టు కాదు. పొయ్యి కట్టేసి, తువ్వాలుతో అలారం కింద విసిరితే ఊరుకుంటుంది.

వాళ్లాయన మౌనం కోపమే అయి ఉండొచ్చు, ఖర్చు లెక్క వేసుకోవడమూ కావచ్చు. నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరూ గదిలో కూర్చుని తేల్చలేరు. బాగుచేయించే ఖర్చు నేనిస్తానని ఒక్కసారి మనస్ఫూర్తిగా అనండి. వద్దంటే మళ్లీ ఎత్తకండి. రెండోసారి అడిగితే మీ ఇద్దరి స్నేహానికి బిల్లు కట్టినట్టవుతుంది.

మీరు చేస్తున్న పొరపాటు ఒకటుంది. ఆ అంట్లు, ఆ బట్టలు. తప్పుకు జరిమానా కట్టుకుంటున్నట్టు చేస్తున్నారు. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషికి తళతళలాడే సింకు కనిపిస్తోంది, మీరు కనపడటం లేదు. 2015లో ఆవిడ మీ ఇంట్లో నాలుగు రోజులుండి, మాట్లాడకుండా మీ గిన్నెలన్నీ తోమి పెడితే మీకెలా ఉండేది?

ఆవిడ సెలవు పెట్టలేదని కష్టపెట్టుకోకండి. జీతంతో సెలవు ఇన్ని రోజులు ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టం అమెరికాలో లేదు. చాలామంది ఉద్యోగులు ఏడాదికి దొరికే పది, పదిహేను రోజులనే పిల్లలకు, జబ్బులకు, ఇండియా ప్రయాణానికి పొదుపుగా వాడుకుంటారు. మీరున్న రెండు నెలల్లో ఏ రోజు సెలవు దొరుకుతుందో అడిగి క్యాలెండరులో రాయించుకోండి. శనివారం ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్లండి. చీరల కొట్లు, మిఠాయి కొట్లు, కూరగాయలు కనిపిస్తాయి, మన మాటలు వినిపిస్తాయి. ఒక ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లండి. వారం మధ్యలో మాత్రం మీకంటూ ఒక దారి ఉండాలి. దగ్గర్లో పబ్లిక్ లైబ్రరీ ఉంటుంది, ఎవరైనా లోపల కూర్చుని చదువుకోవచ్చు. ఇంటి చిరునామా, ఆవిడ నంబరు, అత్యవసరానికి 911 అని కాగితం మీద రాసుకుని చేతిసంచిలో పెట్టుకోండి. మొదటి రోజు వీధి చివరిదాకా నడవండి, మర్నాడు పార్కుదాకా. ఫుట్‌పాత్ లేని చోటికి వెళ్లకండి.

ఇవన్నీ చేసి, ఇంకో పది రోజులకు కూడా మనసు ఇంటివైపే లాగితే అప్పుడు టికెట్ మార్చుకోండి, అందులో తప్పేం లేదు. ఇవాళ మాత్రం మధ్యాహ్నం పడుకోకండి. ఆవిడ ఇంటికి రాగానే రెండు టీలు పెట్టి, ఆ మరక కిందే కూర్చోబెట్టి, ఆ మాట మీరే ఎత్తండి. నాతో చెప్పుకున్నదంతా ఆవిడతో చెప్పండి.